మలుపులో మద్దిదుంగ

ఇనుపజాలీకి అడ్డంపడ్డ తుమ్మకొమ్మను కిష్టప్ప కొక్కెంకర్రతో లాగాడు. రాలేదు. నడుం పట్టుకుని, భుజాన ఉన్న ఎర్ర తువ్వాలులో దగ్గి, మళ్లీ లాగాడు. మంజీర నీళ్లు పంపుహౌసులోకి పోవాలంటే జాలీకి చెత్త పట్టకూడదు. పదకొండేళ్లుగా ఆయన పని ఇదే. అంతకుముందు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించాడు, దగ్గు అక్కడిదే. రేపటి నుంచి ఈ పని యంత్రానిది. ఆయన కొల్లూరులో కూతురు రేఖ దగ్గరికి, తొమ్మిదో అంతస్తుకు వెళ్లిపోతాడు.

ఎగువ మలుపులో నిరుటి వానలకు కూలిన మద్దిచెట్టు దుంగ సగం మునిగి ఉంది. దాని వెనక నీరు నెమ్మదించి ఇసుక మేట వేసింది, మేట మీద తుంగ మొలిచింది. దుంగ నీడన కొర్రమట్ట చేపపిల్లలు ఎర్రటి గుంపుగా తిరుగుతున్నాయి. కింద తల్లి కాపలా. రేపు యంత్రం బిగించడానికి వచ్చే క్రేను ముందుగా లేపేది ఆ దుంగనే.

సూపర్‌వైజర్ జావీద్ చాయ్ తెచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

"జావీద్ సాబ్, గా దుంగను జెర ఉండనియ్యుండ్రి."

"ఏంది కాకా, నీకేమన్న చుట్టమా?"

"చుట్టమే అనుకోండ్రి. దాని కింద పిల్లలున్నయి."

"వరదకు కొట్టుకొచ్చి జాలీని గుద్దితే నా నౌకరీ పోతది. అప్పుడు నీ కొర్రమట్ట నాకు బువ్వ పెడ్తదా?"

"మూడేండ్ల కింద గిట్లనే ఒక దుంగ తీసిన. నా చేతులతోనే తీసిన. ఆ వానకాలమే గట్టు కోసుకపోయి మోటరుగది గోడ కూలలే?"

జావీద్ గ్లాసు అడుగు దాకా తాగాడు. "తీగతాడుతో కట్టగలవా?"

"కడ్త."

కిష్టప్ప ఛాతీలోతు నీళ్లలో దిగి దుంగకు రెండు చుట్లు చుట్టి, తాడు కొసను గట్టున ఉన్న ఇనుపస్తంభానికి బిగించాడు. చేపపిల్లలు చెదిరిపోయి, కాసేపటికి ఆయన చుట్టూ మళ్లీ గుమిగూడాయి. పని అయిపోయినా అలాగే నిలబడి, చివరికి గట్టెక్కి జావీద్ వైపు తిరిగాడు.

"క్రేను డ్రైవర్ బిహారాయనంట. ఎర్కలేక లేపుతడేమో."

"నేను చెప్త గద. పో కాకా, బస్సు పోతది."

జావీద్ లోపలికి వెళ్లాక కిష్టప్ప ఇంకోసారి నీళ్లలోకి దిగాడు. బయటికొచ్చి, తడి భుజాన సంచి తగిలించుకుని, దగ్గుకుంటూ రోడ్డు వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున క్రేను మలుపు దగ్గర ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి దుంగ వైపు చూపించి జావీద్‌ను ఏదో అడిగాడు.

"ఉస్‌కో మత్ ఛూనా," దాన్ని ముట్టుకోవద్దని జావీద్ హిందీలో చెప్పాడు.

క్రేను జాలీ వైపు తిరిగింది. దుంగ నుంచి నీటిపైకి లేచిన కొమ్మకు గట్టిగా ముడేసిన కిష్టప్ప పాత ఎర్ర తువ్వాలు. దాని అంచును ప్రవాహం లాగుతూనే ఉంది.