ముప్పయ్యో పన్ను

మా రైల్వే ఊళ్లో పూరీ గేట్ దగ్గరి పళ్ల క్లినిక్‌లో నన్ను చూస్తే క్రిములు కూడా హడలిపోతాయని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మాట మొదట అన్నది నేనే. డాక్టర్ శ్రీవిద్య గారు పళ్లు బాగుచేస్తారు. ఆవిడ పనిముట్లను కవర్లలో సీలు చేసి, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేయడం నా పని.

రూట్ కెనాల్ చేశాక కూడా పన్ను లోపల క్రిములు ఎందుకు మిగులుతాయని రెండేళ్లుగా ఆవిడ పరిశోధన చేస్తున్నారు. ముప్పై పళ్లు కావాలి, ఇరవై తొమ్మిది అయ్యాయి. పనిముట్లు ఒక్కసారి శుద్ధి కాలేదని తేలినా, దొరికిన క్రిములు పంటివో మా పనిముట్లవో ఎవరూ చెప్పలేరు. రెండేళ్ల శ్రమా గంగలో కలిసినట్టే. అందుకే ప్రతి కవరులోనూ ఒక కాగితం ముక్క పెడతాం. ఆవిరి సరిగ్గా తగిలితే అది నల్లబడుతుంది. వాటిని సాయంత్రం రిజిస్టరులో అతికిస్తాను. సంతకం మాత్రం పొద్దున్నే, యంత్రం మూత వేయగానే పెట్టేస్తాను. ఇరవై ఏళ్ల అనుభవం మరి!

ముప్పయ్యో పన్ను నూకరాజు బాబాయిది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. వారం రోజులుగా ముఢీ, అదే మరమరాలు కూడా నమలలేక, బుగ్గ బూరెలా పొంగి వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి గ్లవ్స్ కోసం అటు తిరిగానో లేదో, వెనక చర్రుమని చప్పుడైంది. ట్రేలోని కవరు చించేసి, పన్ను లోపల గీకే వెంట్రుకంత సన్నటి ఆకురాయిని వెలుతురులో పెట్టి చూస్తున్నాడు. అంతటితో ఊరుకోక చేతిరుమాలుతో తుడుస్తున్నాడు కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది.

"బాబాయ్! ఏటి సేసినావు? ఎవులు తియ్యమన్నారు?"

"పనిముట్టు సూడకుండా పనిలోకి ఎలా దిగుతారమ్మా? నలభై ఏళ్లు ఆకురాయి పట్టినోణ్ని. సూసుకోకుండా ఏనాడూ బండి కిందికి ఎల్లనేదు."

"ఆ సేతులకి ఎన్ని కోట్ల క్రిములున్నాయో తెలుసా?"

నా తిట్లు అతనికి ఎక్కలేదు. ఒళ్లో పడిన కాగితం ముక్క తీసి చూపించాడు. "ఇదేటి తల్లీ?"

"ఆవిరి తగిల్తే నల్లబడతాది" అని విసుగ్గా అన్నాను.

"మరిది తెల్లగుంది గదా!"

నిజమే. పాలలా తెల్లగా ఉంది. పక్కనే తెరిచి ఉన్న రిజిస్టరులో ఆ రోజు తేదీ, దాని ఎదురుగా నా సంతకం. బాబాయి కళ్లు అక్కడికీ వెళ్లాయి.

"సూడకముందే సంతకం ఎట్టీసినావా? మా షాపులో టెస్టు అవ్వకుండా సుద్దముక్కతో టిక్కు కొట్టినోడికి ఛార్జిషీటే."

తల కొట్టేసినట్టయింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. మిగతా ఇరవై తొమ్మిది పళ్ల కాగితాలూ రంగు చూడకుండా, కబుర్లు చెప్పుకుంటూ అతికించినవే. గబగబా పేజీలు తిప్పాను. నలుపు, నలుపు, నలుపు. చివరి దాకా నలుపే. హమ్మయ్య, ఆ పళ్లకి ఢోకా లేదు.

డాక్టరు గారికి నేనే చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆ సంతకం మీద గీత కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయండి సుజాతమ్మ గారూ" అన్నారు. రాశాను.

ఈలోపు బాబాయి యంత్రం మూత చుట్టూ బొటనవేలు పోనిచ్చి, "రబ్బరు బీటలిచ్చింది డాట్రమ్మా. ఆవిరి బయటికి పోతంది" అన్నాడు. అలమారలో కొత్త రబ్బరు ఉంది. ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, రెండో చేత్తో తనే బిగించాడు. డాక్టరు గారు ముందు ఖాళీ యంత్రాన్ని ఒకసారి నడిపి చూశారు. ఆ తర్వాతే పనిముట్లు లోపలికి వెళ్లాయి.

రెండు గంటలు దాటాక కవరు విప్పాం. కాగితం బొగ్గులా ఉంది. నేను పెన్ను తీశాను. అప్పటికే మత్తు సూదికి మూతి వంకరపోయిన బాబాయి నోరు తెరిచే వేలు పైకెత్తాడు. తనకీ చూపించాలట.

చూపించాను, దూరం నుంచే. అతను తల ఊపాకే సంతకం పెట్టాను.