కెప్టెన్‌గారి పుణ్యం

సైనికుల పెళ్లాం బిడ్డలకు శిబిరంలోనే ఇళ్లిస్తుంటే సైన్యానికి ఎంత దయో అనుకునేవారు బయటివాళ్లు. సిపాయి తెయిన్ న్వే కూడా మొదట్లో మురిసిపోయాడు. అంతర్యుద్ధం ముదిరాక గానీ ఆ దయ మెడకు కట్టిన పలుపుతాడని తెలిసిరాలేదు. మొగుడు గేటు దాటితే పెళ్లాం బిడ్డ లోపల ఉండాలి, వాళ్లు దాటితే మొగుడుండాలి. చింద్విన్ ఏటి అవతల కొండల్లో సైన్యం మీద తుపాకి పట్టినవాళ్లలో అతని సొంత తమ్ముడున్నాడు. ఏ రోజు ఎవరిని కాల్చాల్సి వస్తుందోనని తెయిన్ న్వేకి అన్నం సయించేది కాదు. తన బతుకు ఎలాగూ ఇరుక్కుపోయింది, కొడుకు జో లిన్ మాత్రం ఇందులో పడకూడదు. శిబిరంలో మగపిల్లల చేత అప్పుడే కర్రలు పట్టించి కవాతు చేయిస్తున్నారు.

ఉపాయం భార్య మ్యా ఖెట్‌ది. పిల్లవాడికి ఆనవాయితీగా ఒక వారం చిన్న భిక్షువుగా దీక్ష ఇప్పించాలని, అందుకు సొంతూరి విహారానికి వెళ్లాలని చెప్పి తల్లీకొడుకులు బయటపడతారు. ఇక తిరిగి రారు. ఆ తర్వాత తనను ఏం చేసుకుంటారో చేసుకోనీ అన్నాడు తెయిన్ న్వే.

కెప్టెన్ కాదనలేదు. అంతకన్నా ఘోరం, సంతోషించాడు. ఈమధ్య ఆయన చేసిన పనులకు పుణ్యం అవసరం బాగానే ఉంది మరి.

"ఊరిదాకా ఎందుకయ్యా, దారులు బాగాలేవు. ఇక్కడే చేద్దాం, ఖర్చంతా నాది," అన్నాడు.

దాత ముందుకొస్తే వద్దనే నోరు ఆ దేశంలో ఎవరికీ లేదు. తెయిన్ న్వే దండం పెట్టి వచ్చాడు. ఇంట్లో మ్యా ఖెట్ దులిపేసింది.

"ఆయన పుణ్యానికి నా బిడ్డే దొరికాడా? నువ్వేమో గంగిరెద్దులా తలూపి వచ్చావు."

పక్క ఊరి విహారం నుంచి ముసలి భిక్షువు వచ్చాడు. దీక్షకు ముందు చేసే ఆచారం ప్రకారం జో లిన్‌ను రాకుమారుడిలా అలంకరించి సైనిక జీపులో ఊరేగించారు. గుండు గీస్తుంటే, రాలే జుట్టు నేలపడకుండా తల్లీతండ్రీ తెల్లగుడ్డ పట్టుకున్నారు. గుడ్డ మీదికి వంగి మ్యా ఖెట్ గొణిగింది.

"వారానికే పంపేయకండి స్వామీ. ఎవరడిగినా పంపకండి."

భిక్షువు కత్తి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందరికీ వినిపించేలా, పిల్లవాడు చురుగ్గా ఉన్నాడని, విహారంలో ఉంచి శాస్త్రాలు చదివిస్తే ఏళ్లు పడుతుందని అన్నాడు. ఎన్నేళ్లుంటే దాతకు అంత పుణ్యమని కూడా చేర్చాడు. కెప్టెన్ ముఖం వెలిగిపోయింది. అలాగే ఉంచమన్నాడు.

కాషాయం కట్టినవాడిని ఏ కాపలావాడూ ఆపడు. గేటు దగ్గరి కాపలావాడు తుపాకి పక్కన పెట్టి జో లిన్‌కు మొక్కాడు కూడా. ఇక ఆ పిల్లవాడిని కన్నతల్లి సైతం ముట్టుకోకూడదు. మొగుడూ పెళ్లాలు కొడుకు ముందు మోకరిల్లి నుదురు నేలకు ఆనించారు.

"నాన్నా, స్వామి ఏళ్లు పడుతుందన్నా, నువ్వు వారం కాగానే వచ్చి తీసుకెళ్తావుగా?" అన్నాడు జో లిన్.

కాషాయం కట్టినవాడితో అబద్ధమాడితే మహాపాపం. ఇక ఎప్పటికీ ఈ శిబిరానికి రావద్దన్న నిజం చెబితే కాపలావాడు వింటాడు. తల ఎత్తితే జవాబు చెప్పాలి. కొడుకు అడుగుల చప్పుడు గేటు అవతల వినబడకుండా పోయేదాకా తెయిన్ న్వే తల ఎత్తలేదు.