పండగకు ముందే మామిడి ముక్క

ఓడ విశాఖ రేవు దాటి రెండు రోజులైంది. ఈ రెండు రోజుల్లో స్వర్ణ కడుపులో ఒక్క మెతుకు నిలవలేదు. పైకెక్కుతుంది, కిందికి దిగుతుంది, కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడుతుంది, మళ్లీ పైకెక్కుతుంది. "కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం?" అని దివ్య నవ్వింది. దివ్య ఆమెకు జోడీ. నీళ్లలోకి ఇద్దరూ కలిసే దిగాలి.

స్వర్ణది హుకుంపేట దగ్గర కొండమీద ఊరు. ఊరి గెడ్డవాగులో ఈత నేర్చి, జువాలజీ చదివి, పట్టుబట్టి డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. సముద్రం అడుగున రాళ్లకు అతుక్కుని బతికే జీవాలను పరిశీలించే ఈ బృందంలో చోటు దొరికిన రోజు ఆమె రాత్రంతా నిద్రపోలేదు. తీరా ఎక్కాక ఇదీ వరస.

డైవింగ్ బాధ్యత చూసే మోహన్‌కృష్ణ మంచివాడే. కాకపోతే ఆయన మాట రాతిమీద గీత.

"రేపు పొద్దున మొదటి డైవ్. ఆలోగా నాలుగు ముద్దలు తిని నిలుపుకోవాలి. వాంతుల మాత్ర వేసుకుంటే మత్తొస్తుంది, మత్తులో నేను ఎవర్నీ దించను. మీవల్ల కాకపోతే దివ్యతో, జోడీ లేకుండా మిగిలిన ప్రసన్న దిగుతుంది. మీరు పైనే ఉండి నమూనాల సీసాలకు చీటీలు అంటించండి. మధ్యలో జోడీలు మార్చడం మాత్రం ఉండదు."

అంటే ప్రయాణంలో మిగిలిన పద్దెనిమిది రోజులూ చీటీలే!

మందు లేక కాదు. వంటవాడు పైడిరాజుది భీమిలి, పుట్టి బుద్ధెరిగి సముద్రం మీదే ఉన్నాడు. కడుపు తిప్పినవాళ్లకల్లా పచ్చి మామిడికాయ ముక్కకు ఉప్పూ కారం అద్ది చేతిలో పెడుతున్నాడు. నిన్న వాంతులతో పడి ఉన్న దివ్య ఆ ముక్క నమిలి గంటలో లేచి కూర్చుంది. స్వర్ణ మాత్రం చెయ్యి చాపలేదు.

ఆమె బయల్దేరేనాటికి ఊళ్లో మామిడి కొత్త పండగ ఇంకా కాలేదు మరి. చెట్టు నిండా కాయలున్నా పూజారి రోజు చూసి, కొండదేవతకు మొదటి కాయ పెట్టేదాకా పసిపిల్ల కూడా పంటికింద పెట్టదు. పెడితే ఊళ్లో ఎవరికో ఒకరికి పామో పులో ఎదురవుతుందంటారు. స్వర్ణ అదంతా నమ్ముతుందా అంటే, బుర్ర నమ్మదు, నాలుక నమ్ముతుంది. హాస్టల్లో ఒకసారి ఈ సంగతి చెబితే ఏడాదంతా ఎగతాళి చేశారు. అందుకే ఇక్కడ నిజం మింగేసి, "నాకు మామిడి పడదు" అంది.

"మావిడికాయ పడకపోవడమేటి తల్లీ? నలబై ఏళ్లలో నానెక్కడా సూడనేదు!" అని పైడిరాజు బుగ్గలు నొక్కుకున్నాడు.

మజ్జిగ తాగింది, నిలవలేదు. బిస్కెట్ కొరికింది, అదీ నిలవలేదు. మూడో రోజు తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి. డెక్ మీదికి వస్తే ప్రసన్న డైవింగ్ సూటు తొడుక్కుంటోంది. దివ్య పక్కనే కూర్చుని ఆమెకు జిప్పు లాగుతోంది.

ఆ జిప్పు చప్పుడు స్వర్ణ భరించలేకపోయింది. తిన్నగా వంటగదిలోకి నడిచి, పళ్లెంలోంచి ముక్క తీసి, కళ్లు మూసుకుని నమిలింది. ఇంకోటి తింది. పైడిరాజు ఏమీ అడక్కుండా అన్నం పెట్టాడు. అది నిలిచింది. గంటసేపు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి, మోహన్‌కృష్ణ ప్రసన్నను సూటు విప్పమన్నాడు.

పన్నెండు మీటర్ల లోతున ఊపు లేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఒళ్లు నిమ్మళించింది. నీళ్లలో రాసే పలక మీద, రాళ్లకు అతుక్కున్న ఒక్కో స్పాంజినీ గుర్తు పెడుతుంటే సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ నోట్లో పులుపు పోలేదు. ఇప్పుడు మా ఊళ్లో ఎవరు ఏ పొదలో కాలు పెడుతున్నారో అనుకుంది.

ఆ మధ్యాహ్నం శాటిలైట్ ఫోన్లో మనిషికి రెండు నిమిషాలిచ్చారు. సంత రోజు కాబట్టి తల్లి సోములమ్మ సిగ్నల్ ఉన్నచోటే దొరికింది.

"అమా, మామిడి కొత్త అయిపోనాదా?"

"నేదే. పూజారికి జొరం. వచ్చే వారమన్నారు. ఏటి, నీ గొంతు అలగుంది?"

"అమా, నాను తినేసినాను."

అవతల సంత గోల కాస్త దూరమైంది.

"ఎందుకు తిన్నావే?" సోములమ్మ గొంతు తగ్గింది.

"తినకపోతే కడుపులో ఏటీ నిలవలేదు. ఏటీ నిలవకపోతే సముద్రంలో దిగనివ్వరు."

"దిగినావా మరి?"

"దిగినాను."

"రేపూ దిగాలా?"

"రోజూ దిగాలమ్మా."

"అయితే రోజూ తిను. పండగనాడు నీ పేరు సెప్పి కోడిని కోసి, తప్పు ఒప్పేసుకుంతాను. ముక్కకైనా బుట్టెడుకైనా కోడి ఒకటే."

స్వర్ణ ఫోను చెవికి నొక్కుకుని ఏడ్చింది, నవ్వింది కూడా. వెనకాల ప్రసన్న తన వంతు కోసం నిలబడి ఉంది.

"కోడి ఒకటే అయితే మరి నువ్వూ తినీయమ్మా."

"నానేల తింతానే? ఇద్దరం తప్పు సేసేత్తే, మన తరపున కొండకి సెప్పీదెవులు?" అని సోములమ్మ కసిరింది.

రెండు నిమిషాలూ అయిపోయాయి.