సముద్రపు కాకుల మీద అర్జీ

మా చేపల షెడ్డులో నన్ను మైకు అంటారు. చేతిలో మైకు లేకపోయినా నా గొంతు అలాగే మోగుతుందని. పన్నెండేళ్ళుగా షెడ్డులో ఏ గొడవ లేచినా ముందు లేచింది నా గొంతే. చాలా గెలిచాం. వాటిలో ఒక గెలుపు గురించే ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే మా వదిన బండి పోయింది దానివల్లే.

పడవలు దించిన చేపల పొట్టలు కోసి, పేగులు తీసి, కడిగి, ఐసు పెట్టెల్లో సర్దడం మా పని. అరవై మందిమి. సాయంత్రం నాలుగింటికి బెల్లు కొడతారు. ఇదివరకు బెల్లు కొట్టాక కూడా పేగుల తొట్లు మోసుకెళ్ళి జెట్టీ చివర సముద్రంలో కుమ్మరించాల్సి వచ్చేది. అరగంట పని, కూలి లేదు. బెల్లు కొట్టాక మా చేతులు మావి కావా అని అడిగాను. పదకొండు రోజులు పని ఆపాం. యజమాని దిగొచ్చి మూత ఉన్న లారీ పెట్టించాడు. పేగులన్నీ దాణా ఫ్యాక్టరీకి పోవడం మొదలైంది. ఆ రోజు నన్ను భుజాల మీద ఊరేగించారు.

జెట్టీ చివర కాచుకుని ఉండే సముద్రపు కాకుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పేరుకే కాకులు. తెల్లటి ఒళ్ళు, బూడిద రంగు రెక్కలు, పచ్చటి ముక్కు, బాతంత ఆకారం. నాలుగింటి బెల్లు మాకన్నా వాటికే బాగా తెలుసు. తొట్లు రావడం ఆగాక ఓ వారం జెట్టీ మీదే తిరిగి తిరిగి అరిచాయి. ఆ తర్వాత గేటు వైపు తిరిగాయి.

గేటు దగ్గర బండి మా వదినది. అన్న పడవెక్కితే నాలుగైదు నెలలకు గానీ ఒడ్డుకు రాడు. ఇల్లు నడిచేది ఆ బండి మీదే. వేయించిన చేప ముక్కలు, రొట్టె, టీ. బెల్లు కొట్టగానే అందరం అక్కడే నిలబడి తినేవాళ్ళం. పక్షులు వెనక నుంచి వచ్చేవి. చేతిలో ఉన్న రొట్టె రెప్ప వేసేలోగా ఉండేది కాదు. తూకం గుమాస్తా వేలు కొరికాయి. షెడ్డు కప్పు మీద గుడ్లు పెట్టిన రోజుల్లో నెత్తి మీదికే దూకేవి. ఆడవాళ్ళు బేసిన్లు బోర్లించుకుని పనిలోకి వచ్చేవాళ్ళు. ఒక కుంటి పక్షి మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా రోజూ దిగేది. దానికి కూడా సంఘం కార్డు ఇప్పించు మైకూ, మనలో టైముకు వచ్చేది అదొక్కటే అని ఐసు మోసే అతను నన్ను ఆటపట్టించేవాడు.

నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఏదో ఒకటి చెయ్యమని అందరూ నా మీద పడ్డారు. అప్పుడే, ఒక రోజు చెయ్యి కోసుకుని కట్టు కట్టించుకోవడానికి ముందుగా బయటికి వచ్చినప్పుడు, వదినను చూశాను. ఒడ్డున పడేసిన విరిగిన పడవల దగ్గర నిలబడి గిన్నెలోంచి చేప తలకాయలు, ముళ్ళు, రొట్టె అంచులు విసురుతోంది. చుట్టూ వందల పక్షులు. వాటిని ఇక్కడికి మరిగిస్తున్న దొంగ దొరికింది అనుకున్నాను. ఎందుకు వేస్తున్నావని అడగలేదు. నడిచి వెళ్తే ఎనభై అడుగుల దూరం. వెళ్ళలేదు. కట్టు కట్టించుకుని, ఇంటికి పోయి, ఎడం చేత్తోనే రేవు ఆఫీసుకు అర్జీ రాశాను.

పక్షులకు మేత వెయ్యడం నిషేధించాలి, ఇది ఒకటి. గేటు దగ్గర తిండి అమ్మకం తీసేసి బస్టాండు వెనక్కి పంపాలి, ఇది రెండు. రెండోది రాసేటప్పుడు చెయ్యి ఆగింది. సొంత వదినని కూడా వదల్లేదని నలుగురూ అనుకుంటారు గదా అని ముందుకు పోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అనుకోవడం నాకు తియ్యగానే ఉంది.

యాభై ఎనిమిది సంతకాలయ్యాక కాగితం వదిన దగ్గరికి తీసుకెళ్ళాను. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఏం కాగితమని అడిగితే పక్షుల గురించి అన్నాను. అంతే అన్నాను. కాగితాన్ని బండి మీద పెట్టి కాసేపు చూసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళమంది. తాగాను.

మా అర్జీల్లో ఏదీ ఆరు నెలల లోపు కదిలింది లేదు. ఇది ఐదు రోజుల్లో కదిలింది. అప్పుడే అనుమానం రావాల్సింది. బీదవాళ్ళ బండి తీసేయడానికి ఏ ఆఫీసూ ఆలస్యం చెయ్యదు. గేటు పక్కన నిషేధం బోర్డు వెలిసింది, అక్షరం పొల్లుపోకుండా నా మాటలే. వదిన గొడవ పడలేదు. బండి బస్టాండు వెనక్కి తోసుకుపోతుంటే ఒక పక్క నేనే చెయ్యి వేశాను.

నాలుగో రోజు బెల్లు కొట్టగానే పక్షులు మునుపెన్నడూ లేనట్టు విరుచుకుపడ్డాయి. ఐసు మోసే అతను ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తీశాడు. ఒకటి వెనక నుంచి వచ్చి ముక్కుతో కొట్టింది. కనుబొమ్మ చీలింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. నేను గుడ్డ అదిమిపట్టి కూర్చున్నాను. రక్తం కారుతూనే అతను అన్నాడు:

“మీ వదిన ఉన్నప్పుడు ఇంత లేదు. బెల్లుకు ముందే వాటిని పడవల దగ్గరికి లాక్కుపోయేది కదా.”

“లాక్కుపోవడమేంటి?”

“అక్కడ కాస్త మేత పడేస్తే సగానికి సగం అక్కడే ఉండిపోయేవి. మేం తినగా మిగిలిన ముళ్ళూ తోళ్ళూ ఆవిడ గిన్నెలోనే కదా వేసేది. నువ్వూ వేసేవాడివి.”

నిజమే, వేసేవాణ్ణి. గిన్నె ఎక్కడికి పోతుందో ఎప్పుడూ చూడలేదు. మరి అర్జీ మీద సంతకం ఎందుకు పెట్టావని అడిగాను. నువ్వు తెచ్చావు కదా, చదివేదేముంది అన్నాడు.

ఆ సాయంత్రమే బస్టాండు వెనక్కి పోయాను. బండి లేదు. మూడు వారాలైతే జనం అటు అలవాటు పడతారేమో గానీ మూడు రోజులు కూడా ఆగే వీలు ఆమెకు లేకపోయింది. నాలుగింటికి అటు వచ్చే మనిషే లేడు. ఎవరికో అమ్మేసి, ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనికి కుదిరింది. ఇంటికి వెళ్తే తడిసి ఉబ్బిన వేళ్ళకు నూనె రాసుకుంటోంది. నేను గుమ్మంలోనే నిలబడి, చదవకుండా ఎందుకు సంతకం పెట్టావు వదినా అని అడిగాను. నా తప్పులో సగం ఆమెకు అంటగట్టాలని కాబోలు.

“చదివే పెట్టాను,” అంది.

ఇంకో వేలికి నూనె అందుకుంది.

“అందరూ పెట్టారు. ఇంటి మనిషే పెట్టలేదంటే ఇక నీ మాట ఎవరు వింటారు? అందుకే పెట్టాను.”

“మరి పక్షుల సంగతి నాకు చెప్పొచ్చు కదా.”

“అడిగితే చెప్పేదాన్ని. నువ్వు కాగితం తెచ్చావు. అడగలేదు.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, ఎదురు మాట్లాడటం నాకు వచ్చు. రేపే ఇంకో అర్జీ రాస్తాను, బండి మళ్ళీ గేటు దగ్గరికి తెప్పిస్తాను అన్నాను. ఏ బండి మరిదీ అంది. తర్వాత నూనె గిన్నె పక్కన పెట్టి, పిల్లాడికి పని నేర్పినట్టు చెప్పింది: మేత వేశాక వీపు చూపించకు, వాటిని చూస్తూ వెనక్కి నడు. కళ్ళలోకి చూసేవాడి మీదికి రావు. కుంటిదానికి విడిగా వెయ్యి, మిగతావి దాన్ని తిననివ్వవు.

మర్నాడు బెల్లు కొట్టాక లారీలోకి పోవాల్సిన తొట్టి ఒకటి భుజానికెత్తుకున్నాను. బోర్డు చదివావా మైకూ అన్నాడు వాచ్‌మన్. రాసింది నేనే అన్నాను. అతను తల తిప్పుకున్నాడు. ఆ తొట్టి ఎంత బరువో మరిచిపోయాను. నాతో ఎవరూ రాలేదు. బెల్లు తర్వాత పని చెయ్యొద్దని వాళ్ళకు నేర్పింది నేనే.

పడవల దగ్గర కుమ్మరించి, వాటినే చూస్తూ వెనక్కి నడిచాను. చాలావరకు దిగాయి. గేటు దగ్గర జనం ఆ రోజు నెమ్మదిగా తిన్నారు. ఇప్పుడు రోజూ ఇదే, అరగంట.

కుంటిది మాత్రం నా దగ్గరికి రాదు. దాని వాటా విడిగా పెడతాను, వేరేవి తినేస్తాయి. గేటు పక్కన వదిన బండి నిలిచిన చోట నేల మీద నూనె మరక ఇంకా పోలేదు. బెల్లు కొట్టగానే కుంటిది అక్కడ దిగి, ఒంటికాలి మీద నిలబడి, బస్టాండు వైపు చూస్తూ ఉంటుంది.