చూసుడు సాలు

దశరథం చెప్పులను జతలు జతలుగా గోడవారన పేర్చాడు. మందమర్రి ఎండకు కాకులు సైతం రెక్కలు ముడుచుకుని నడిచిపోతున్నాయి. తలుపవతల కంప్యూటర్ గదిలో మాత్రం ఈగ కూడా శాలువా కప్పుకుంటుంది. దుమ్ము పడితే మిషన్‌కు జ్వరమొస్తుందట, ఎంతటివారైనా చెప్పులు విడవాల్సిందే. చెప్పులుంటే మనిషి లోపల ఉన్నట్టు. దశరథానికి తెలిసిన హాజరు అదొక్కటే. చిన్నప్పుడు మగ్గం మీద వంగిన వీపు ఇప్పుడు బొగ్గు ఆఫీసు స్టూలు మీదా అలాగే వంగి ఉంది.

ఆ రోజు అతని ఆఖరి డ్యూటీ. జీతాల సెక్షన్ దయాకర్‌రావు చెప్పులు విడుస్తూ నవ్వాడు.

"ఇయ్యాల ఏం గావాల్నో అడుగు దశరథం."

"నా ఫైలు ఒక్కసారి చూడాలె సారూ. అండ్ల మా సత్తమ్మ పేరున్నదట."

అతని భార్య సత్తమ్మ పోయిన వానకాలంలో చనిపోయింది. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని ఆమె భయం. అందుకే ఇంట్లో ఆమె బొమ్మ లేదు. 'నా తర్వాత పైసలు ఎవరికి' అన్నచోట దశరథం ఆమె పేరే రాయించాడు. రేపు ఆ ఫైలు మూసేస్తారు.

"లోపల నీ అసొంటోడే ఒకడు కావలి కూసున్నడు," అన్నాడు దయాకర్‌రావు, టైరు చెప్పులు విడిచి వెంట వచ్చిన దశరథానికి మిషన్ చూపిస్తూ. "ముందుగాల పేరడుగుతడు, ఆ ఎన్క రహస్యం మాట అడుగుతడు. నీ పేరు నేను పెట్టిన. మాట నా చెవుల చెప్పు."

"సత్తమ్మ!" గదంతా దద్దరిల్లింది.

టైపు చేస్తున్న ప్రమోదిని కిసుక్కున నవ్వింది. "రహస్యం గంత గట్టిగ చెప్తరా, తాతా?"

"ఇంకో మాట యాదికొస్తలేదు బిడ్డా."

మిషన్ లోపలికి రానిచ్చింది. ఫైలు అడిగేసరికి పచ్చటి గీత ఒకటి పడి ఆగిపోయింది.

"వాకిట్లకు రానిచ్చిండు గని, అర్ర కాడ మళ్ల అడుగుతుండు. ఫైలు సొంతదారువా, సొంతదారు జట్టువా, పరాయోనివా? గా ఫైలు నా పేర ఉన్నది. జట్టంటే మా సెక్షనోళ్లు. నువ్వు పరాయోనివి," అన్నాడు దయాకర్‌రావు.

"ఫైలు నాది గాదా సారూ?"

"నీ గురించి. నీది గాదు."

దశరథం అలగలేదు. పెద్దాఫీసరు బామ్మర్దినే బూట్లతో రానివ్వని మనిషి అతను. "మంచోడు. మొకం చూసి ఇడిసిపెట్టలే," అని మెచ్చుకున్నాడు.

దయాకర్‌రావు టకటకా ఏదో కొట్టాడు. "పరాయోళ్లకు గూడ చూసుడు ఇచ్చిన, జరసేపు. రాసుడు మాత్రం లేదు."

"రాసుడు నాకెందుకు? చూసుడు సాలు."

మగ్గం గుంత చీకట్లో మిణుగురులు లేచినట్టు అక్షరాలు లేచాయి. అవి ఇంగ్లీషువి. సత్తమ్మ పేరని ప్రమోదిని చూపించిన చోట దశరథం వేలు పెట్టాడు. వేలికొస పచ్చబడింది.

"గీడ ఇంక బతికే ఉన్నది," అన్నాడు మెల్లగా.

వట్టి కాళ్లతోనే బయటికొచ్చి, చల్లదనం ఉబికే తలుపు సందుకు తల ఆనించి, స్టూలు మీద కళ్లు మూసుకున్నాడు. పొద్దుగూకాక ప్రమోదిని పిలిస్తే లేవలేదు. ఆ నిద్రలోనే దాటిపోయాడు. వేలికొస మీద ఇంకా పచ్చదనం ఉందని ఆమె ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది.

అతణ్ని తీసుకుపోయారు. ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కున్నారు. తాళం వేయబోయిన దయాకర్‌రావు చెయ్యి ఆగింది. గోడవారన, మొనలు తలుపు వైపు పెట్టి, ఒక జత టైరు చెప్పులు మిగిలి ఉన్నాయి.