నాకు టైం యాడిది

ధ్యానం సంగతి పక్కకు పెట్టుండ్రి. సంతోషికి కావాల్సింది ఇరవై నిమిషాలు, గంతే.

దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణం. పొద్దంత నిలబడి చీరలు విప్పుడు, మడుసుడు. ఆరింటికి ఎల్బీనగర్‌ల ఇల్లు చేరితే, చెప్పులు ఇడవకముందే మొదలు. "చాయ్" అంటడు మొగడు సైదులు. కూసున్న కాడ్నించి లేవడు, మహారాజు మరి! "నా బీపీ గోలీలేవే?" అంటది అత్త పెంటమ్మ. గోలీలు ఆమె దిండు కిందనే ఉంటయి.

గసొంటప్పుడు ఫోన్ల ఓ ధ్యానం కోర్సు దొరికింది. ఎవరో స్వామి గొంతు, "శ్వాసను గమనించండి" అనుకుంట ఇరవై నిమిషాలు మెల్లగ మాట్లాడుతది. సంతోషి శ్వాసను గమనించలే, ఏం గమనించలే. గోడకు ఒరిగి, కాళ్లు చాపి, కళ్లు మూసుకున్నది. పిలవబోయిన పెంటమ్మ ఆ గొంతు ఇని నాలిక కరుసుకున్నది. ధ్యానంల ఉన్నోళ్లను లేపితే పాపం తగుల్తదని ఆమె భయం. కొడుకు నోరు గూడ మూయించింది. ఆ దినం సైదులు చాయ్ తనే పెట్టుకున్నడు. చక్కెర అనుకోని ఉప్పు ఏసుకున్నడు, గది వేరే ముచ్చట.

రెండు నెలల్ల సంతోషి ఒక్క దినం తప్పలే. అందరు మూడో నాడే ఇడిసిపెడుతుంటే గీమె ఎవరా అని ఆ కోర్సు నడిపే కంపెనోళ్లు పరేషాన్ అయిండ్రు. ఓ ఆదివారం విజయదుర్గ అనే మేడంను ఇంటికి తోలిండ్రు. కోర్సును బాగుచేసేటందుకు వాడేటోళ్లను అడిగి రాసుకునుడు ఆమె నౌకరి. దానికి యూజర్ రీసెర్చ్ అని పేరట. పేరుకేం తక్కువ లేదు.

"ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంకా ప్రశాంతంగా ఉంటుంది కదండీ. స్పీకర్ ఎందుకు పెడతారు?" అనడిగింది మేడం.

ఇయర్‌ఫోన్ పెడితే పాటలు ఇంటున్నదనుకోని పదిసార్లు పిలుస్తరు. గా మాట ఎట్ల చెప్తది? అత్త, మొగడు ఎదురుంగనే కూసున్నరు. "అత్తమ్మకు గూడ ఇనబడాలె గద మేడం" అన్నది.

"ఎంత మంచి ఆలోచనండీ!" అని రాసుకున్నది మేడం. పెంటమ్మ మురిసిపోయింది.

"ఇరవై నిమిషాలు ఎక్కువనిపిస్తోందా?"

సంతోషి గబుక్కున అందుకున్నది. "లేదు మేడం, దాన్ని ముట్టకుండ్రి. గట్లనే ఉండనియ్యిండ్రి."

"సరే. మీ రోజంతా ఎలా గడుస్తుంది? మీకంటూ టైం దొరుకుతుందా?"

"నాకు టైం యాడిది మేడం?"

ఎల్బీనగర్‌ల ఏ ఆడమనిషిని అడిగినా గిదే మాట. అందుకే ఆ ఇరవై నిమిషాలు ముట్టొద్దని దాని అర్థం. బడి మొహం చూడని పిల్లకు గూడ సమజైతది. విజయదుర్గ మాత్రం 'టైం లేదు' అని రాసుకోని కింద రెండు గీతలు కొట్టింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే గిదే! రెండుసార్లు చాయ్ తాగింది ఆ మహాతల్లి. రెండుసార్లు లేచి పెట్టిందెవరు? సంతోషే. గది మాత్రం రాసుకోలే.

నెల దాటినంక ఓ సాయంత్రం సంతోషి వచ్చి, ఎప్పటిలెక్కనే ఫోన్ ఒత్తి, గోడకు ఒరిగింది. నడుము ఇంక గోడకు సర్దుకోనేలేదు, ఫోన్ల అయిపోయినట్టు గంట గణగణ మోగింది. ఎనుకనే స్వామి గొంతు అందుకున్నది.

"మీ మాట విన్నాం. మీకు టైం లేదని తెలుసుకుని సాధనను ఐదు నిమిషాలకు తగ్గించాం. ఇక కళ్లు తెరిచి, చిరునవ్వుతో మీ కుటుంబంతో గడపండి. రేపు కలుద్దాం."

మళ్ల ఒత్తింది. ఫోన్ మీద తాళం బొమ్మ వచ్చింది. ఇంకోసారి ఒత్తింది. మళ్ల రేపే అన్నది ఫోన్.

"అయిపాయెనా? స్వామే లెమ్మనె గద" అని పెంటమ్మ లోపట్నించి కేకేసింది. "నా గోలీలేవే?"

"చాయ్" అన్నడు సైదులు.

కొత్త కోర్సు ఎట్లున్నది, ఎన్ని స్టార్లు ఇస్తరు అని ఫోన్ అడుగుతున్నది. ఒత్తేటందుకు సంతోషికి టైం యాడిది?