రంగయ్య చేసిన ఫోను తొడుగు

ఆళ్లగడ్డ రంగయ్య దేవుళ్లకు రాగి తొడుగులు చేస్తాడు. కిందటి ఉగాదికి కూతురు వర్షిణి ఫోనుకూ ఒకటి చేశాడు. ఫోను వెనక భాగాన్ని కప్పే రేకు అది.

అంతకు రెండేళ్ల ముందు వర్షిణి చెవి వెనక గడ్డ తీశారు. గడ్డకూ ఫోనుకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. రంగయ్య నమ్మలేదు. ఒక విత్తనాల కంపెనీ తరఫున వర్షిణి రోజుకు ఐదు గంటలు రైతులతో ఫోనులో మాట్లాడుతుంది.

తొడుగు వేశాక సిగ్నల్ గీతలు నాలుగు నుంచి రెండుకు దిగాయి. రాగి రేడియేషన్‌ను ఆపుతోందనడానికి అతను చూపే రుజువు అదే. పదిమంది తమకూ కావాలన్నారు. తొడుగు పనిచేస్తుందని కాలేజీవాళ్ల కాగితం ఉంటే మంచిదని, అదే అచ్చులో చేసిన రెండో తొడుగుతో సోమవారం నంద్యాల కాలేజీకి వచ్చాడు.

లెక్చరర్ భానుప్రియ తల ఆకారపు డొప్పలో మెదడుకు బదులు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పోసింది.

"తలకాయలో పానకమా మేడం?"

"నీ తలలో ఏముందన్నా?"

"రాగి."

వర్షిణి వాడే రకం ఫోనునే డొప్ప చెవికి ఆనించింది. తల ఎంత రేడియేషన్ పీల్చుకుందో నీళ్లలో దింపిన సూది చెబుతుంది. తొడుగు లేకుండా 0.62. తొడుగుతో 1.14.

"మిషన్ చెడిపోయిందేమో. ఇంగోసారి చూడమ్మా."

మూడుసార్లు చూసింది. 1.14. 1.17. 1.15.

"రేకు వెనకపక్క ఉండాది కదన్నా. బయటికి పోయేదాన్ని తలవైపు తోస్తాంది. గీతలు తగ్గినాయంటివే, టవరుకు అందక ఫోను ఇంకా గట్టిగా అరుస్తాంది."

"గీతలు తగ్గితే ఆపినట్టు కదా?"

"కాదన్నా. అయినా సర్కారు పెట్టిన 1.6 హద్దు దాటలేదులే."

రంగయ్య వినలేదు. ఉగాది నుంచి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. ఏడు.

"పాప ఫోనుకు నేనే పెట్టినానే," అన్నాడు.

భానుప్రియ ఆ ఫోను తీసి డొప్పకు మూరెడు దూరంలో పెట్టింది. అంకె సున్నా దగ్గరికి పడింది. రంగయ్య జేబులోంచి ఫోను తీసి కూతురికి చేశాడు.

"పాపా, ఫోను యాడుంది?"

"చెవి దగ్గర. కాగితం ఇచ్చినారా నాయనా?"

"కింద పెట్టు. స్పీకర్‌లో మాట్లాడు."

"ఏందీ, తొడుగుంది కదా! నువ్వే కదా చేసింది?"

"నేనే చేసినా. పెట్టు పాపా."

రాగి బల్లకు తగిలిన చప్పుడు వినిపించింది.